ఫ్రెంచి గల్లబల్ల

"నువ్వు గీడికెందుకొచ్చినవ్ భువనా?"

బట్టల దుకాణం గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇన్‌స్పెక్టర్ ఇశ్రాయేలు అడిగాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచిలో ఎస్సైలుగా చేరినవాళ్లే. పైవాళ్లు చెప్పిన ప్రతిమాటకూ తలూపి అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. తలూపడం చేతకాని భువన ఉద్యోగానికి ఒక దండం పెట్టేసి, సిద్దిపేటలోనే ఓ మొబైల్ దుకాణం పైన గది కిరాయికి తీసుకుని డిటెక్టివ్ బోర్డు తగిలించింది. ఆ బోర్డు చూసినప్పుడల్లా ఇశ్రాయేలుకు ఒళ్లు మండుతుందని తెలిశాక దానికి లైట్లు కూడా పెట్టించింది.

"నన్ను పిలిచిన మనిషి పక్కనే ఉన్నది. ఆమెనే అడుగు," అంది భువన.

పక్కనున్నది అజీజున్నీసా. ఆమె భర్త సర్వర్ పాత కుర్చీలకూ బల్లలకూ పాలిష్ పట్టే పనివాడు. నిన్నటి నుంచి అతను ఇశ్రాయేలు స్టేషన్ లాకప్‌లో ఉన్నాడు. ఇవాళ సాయంత్రం కోర్టుకు, అక్కడి నుంచి జైలుకు. కాగితాలన్నీ సిద్ధమైపోయాయి. ఈలోగా అతను దొంగ కాదని తేలితే సరి, లేకపోతే బెయిల్ మీద బయటికొచ్చినా ఈ ఊళ్లో ఏ ఇల్లూ అతన్ని గడప లోపలికి రానివ్వదు. పాలిష్ పనివాడికి చేతిపని ఎంత ముఖ్యమో, యజమాని లేనప్పుడు కూడా ఇంట్లోకి రానిచ్చేంత నమ్మకం అంతే ముఖ్యం. ఆ సంగతి అజీజున్నీసా భువనకు పొద్దున్నే చెప్పింది. ఏడవకుండా చెప్పింది.

ఇశ్రాయేలు చట్టం మాట్లాడాడు. ప్రైవేటు డిటెక్టివులకు నేరస్థలంలో అడుగుపెట్టే హక్కు లేదన్నాడు. హక్కు తనకు లేదు గానీ దుకాణం యజమాని రమ్మంటే అడ్డుకునే హక్కు నీకూ లేదని భువన తిప్పికొట్టింది. ఆ మాట లోపల కూర్చున్న యజమాని నాగేశం చెవిన పడేలాగే అంది. నాగేశం సేటు డెబ్బై దాటిన మనిషి. సర్వర్ చేత ఇరవై ఏళ్లుగా పని చేయించుకున్నవాడు. ఫిర్యాదు మీద సంతకం పెట్టినప్పటి నుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు.

"రానియ్యి సార్. చూసిపోతది," అన్నాడు.

పోయిన వస్తువు ఒక రాతబల్ల. పద్దెనిమిదో శతాబ్దంలో పారిస్‌లో మొర్వాల్ అనే పనివాడు చేసినది. వంపు తిరిగిన కాళ్లు, మూలల్లో ఇత్తడి తొడుగులు, మూడు సొరుగులు, చెక్కలోనే రంగురంగుల చెక్కముక్కలు పొదిగి తీర్చిన పూలతీగ. హైదరాబాద్‌లో ఎవరో జాగీర్దారు తన పాత మేడ, దేవిడీలోని సామాను అమ్ముతున్నప్పుడు నాగేశం తండ్రి దాన్ని కొనుక్కొచ్చి దుకాణంలో వేసుకున్నాడు. దాని మీద ఒక్క అక్షరం రాసినవాడు లేడు. అది గల్ల. సొరుగులో పైసలు, పైన బేరం, శుక్రవారం శుక్రవారం దానికి ఊదుబత్తి, దసరాకు పసుపూ కుంకుమా. గొల్లభామ చీరల కోసం వచ్చిన ఓ కాలేజీ మేడం, కింద పడ్డ చెవిదిద్దు తీసుకోబోయి, బల్ల అడుగున ఇనుప అచ్చుతో కొట్టిన పేరు చూసేదాకా దాని పుట్టుక ఎవరికీ తెలియదు. ఆ కాలం పారిస్ పనివాళ్లు తమ పేరు అలా కంటపడని చోట కొట్టేవారని ఆ మేడమే చెప్పింది.

అక్కడితో గొడవ మొదలైంది. నాగేశం తమ్ముడి కొడుకు వివేక్, దుకాణంలో సగం పనులు చూసే కుర్రవాడు, దాన్ని అమ్మేద్దామన్నాడు. గల్లను అమ్ముకునే గతి తనకింకా పట్టలేదని నాగేశం కొట్టిపారేశాడు. పోనీ విలువైనా తెలుసుకుందామని వివేక్ హైదరాబాద్ నుంచి మనీష అనే ఒక నిపుణురాలిని పిలిపించాడు. ఆమె వచ్చేలోగా దుమ్ము వదిలించమని సర్వర్‌కు అప్పగించారు. దుకాణం వెనక గదిలోనే కూర్చుని అతను వారం పాటు తుడిచాడు. పని ముగించి వెళ్లిన కొన్నాళ్లకు మనీష వచ్చి, అడుగున టార్చి వేసి చూసి, పెదవి విరిచింది. పేరు లేదు, ఇది నకలు, అసలుది ఎవరో మార్చేశారు, అంది. సర్వర్ తన టెంపోలో గుడ్డ కప్పి ఏదో తీసుకెళ్లడం వీధి కెమెరాలో ఉంది. అవి అల్లిక వేయాల్సిన కుర్చీలని సర్వర్ మొత్తుకున్నాడు. కుర్చీలు చూపించాడు కూడా. గుడ్డ కింద ఇంకేం లేదని రుజువు చెయ్యమన్నాడు ఇశ్రాయేలు. లేనిదాన్ని రుజువు చెయ్యడం ఎవరి తరం?

భువన వెనక గదిలోకి వెళ్లింది. వెనకే అందరూ వచ్చారు.

బల్ల కిటికీ పక్కన ఉంది. దాని మీద అమ్ముడుపోని లంగాల మూటలు రెండు, ఖాళీ అట్టపెట్టెలు, తాగేసిన చాయ్ గ్లాసు. నాగేశం భార్య కాంతమ్మ ఇంకో మూట తెచ్చి దాని మీదే దబ్బున పడేసింది. మొన్నటిదాకా ఆ బల్లకు మొక్కందే గొంతులో చాయ్ చుక్క పోయని మనిషి. ఇప్పుడు దాన్ని చూస్తేనే కడుపు మండుతోందని, ఎవరిదో దరిద్రపు చెక్క తెచ్చి తన ఇంట్లో పెట్టి లక్ష్మిని ఎత్తుకుపోయారని భువనతో చెప్పింది. పొద్దుగూకేలోపు ఇది గడప దాటిపోతే తప్ప మనసు చల్లబడదట.

"గడప దాటి ఎటు పోతది?" అని అడిగింది భువన.

జవాబు వివేక్ చెప్పాడు. ప్రజ్ఞాపూర్‌లో పాత సామాను కొనేవాడు ఒకడున్నాడట. టెంపో బయల్దేరిందట. పెద్దమ్మ బాధ చూడలేక తనే మాట్లాడి పెట్టాడట. మంచి బట్టలు, మంచి మాట, కంగారు లేని ముఖం. భువనకు అతని మీద కోపం రావడానికి కారణమేదీ కనపడలేదు, అయినా వచ్చింది.

కేసులో సాక్ష్యమైన వస్తువును ఎట్లా పోనిస్తున్నావని ఇశ్రాయేలును నిలదీసింది. ఫొటోలు తీశాం, పంచనామా అయింది, స్టేషన్‌లో ఇంత పెద్ద బల్లకు జాగ ఎక్కడిది, సేటు పూచీ మీద ఇచ్చేశాం, అన్నాడు అతను. నకలు బల్లను కాపలా కాయడానికి తనకేం పనిలేదా అని కూడా అన్నాడు.

భువన చున్నీ నడుముకు కట్టుకుని నేల మీద వెల్లకిలా పడుకుని బల్ల కిందికి జరిగింది. ఫోను లైటు వేసింది. ఇశ్రాయేలు బూట్లు రెండూ ఆమె తలకు దగ్గరగా వచ్చి ఆగాయి.

ముందు వైపు చట్రానికి లోపల, ఆ కాలేజీ మేడం పేరు చూశానన్న చోట, అరచేయంత మేర చెక్క నున్నగా ఉంది. మిగతా చోటంతా పాత పనిముట్టు గీతలు, ఇక్కడ మాత్రం ఉప్పుకాగితం రుద్దిన నునుపు. రంగు కలవడానికి ఏదో పూశారు. వాసన చూసింది. చాయ్ డికాషన్. ఆ నునుపు పక్కనే ఇంకొకటి కనిపించింది. చిన్న పసుపు చుక్క, దాని మధ్యన కుంకుమ బొట్టు. వేలితో తాకితే కుంకుమ వేలికి అంటుకొచ్చింది.

ఆమె బయటికి రాకుండా అలాగే పడుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత కింద నుంచే కాంతమ్మను అడిగింది, దసరాకు బొట్లు ఎక్కడెక్కడ పెడతారని. సొరుగులకు, ముందరి కాళ్లకు, అంది కాంతమ్మ. అడుగున పెడతారా అంటే, అడుగున ఎవరు పెడతారమ్మా, వంగినా కనబడదు కదా, అంది. సర్వర్ తుడిచాక మళ్లీ పెట్టారా? ఎక్కడ పెట్టాం, దసరా ఇంకా రానేలేదు కదా.

భువన లేచి దుమ్ము దులుపుకుంది. కుంకుమ అంటిన వేలు ఇశ్రాయేలు ముఖం ముందు పెట్టింది.

"ముద్ర లేని నకలైతే రుద్దాల్సిన పనేముంటది ఇశ్రాయేలూ? పేరు ఉండె, ఎవడో రుద్దేసిండు. రుద్ది, గల్లకు అపచారం చేసిన్నని భయపడి, పక్కనే బొట్టు పెట్టి మొక్కిండు. ఇది అసలు బల్లే. ఈడికెల్లి కదలనేలేదు."

ఇశ్రాయేలు వంగి చూశాడు. చూడకపోతే బావుండునన్నట్టు చూశాడు. లేచాక తన పట్టు మాత్రం వదల్లేదు. బొట్టు సర్వర్ కూడా పెట్టి ఉండొచ్చు కదా అన్నాడు, ఇంటివాళ్ల మీదికి అనుమానం తొయ్యడానికి.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ అజీజున్నీసా ముందుకొచ్చింది.

"సార్, మీరు మా ఆయన్ని దొంగ అన్నరు. ఇప్పుడు దొంగ బొట్టు కూడా పెట్టిండు అంటున్నరు. ఇంక ఏమేం చేసిండో ఒక్కసారే చెప్పున్రి, వింట."

ఇశ్రాయేలు ముఖం ఎర్రబడింది. ఆడవాళ్లు బయట కూర్చోవాలన్నాడు. ఆమె కదల్లేదు. కాంతమ్మ ఆమెను కూర్చోమని స్టూలు జరిపింది. అజీజున్నీసా కూర్చోలేదు కూడా.

భువన లెక్క వేసుకుంటోంది. బొట్టు పెట్టింది ఈ ఇంటి మనిషే. ఆ మనిషికి ఇది అసలు గల్లేనని తెలుసు. తెలిసినవాడు మిగతావాళ్లలాగే ఇది నకలని నటిస్తున్నాడు. నోటితో నటించొచ్చు. కానీ పుట్టినప్పటి నుంచి కాలు తగిలితే కళ్లకద్దుకున్న ఒళ్లు, అది నోటిమాట వింటుందా?

ఆమె మూటలు రెండూ కిందికి తోసింది. చెప్పులు విప్పకుండానే బల్ల మీదికెక్కి మఠం వేసుకుని కూర్చుంది. ఒక చెప్పును తోలు పరిచిన నడిమధ్య భాగం మీద ఆనించి గట్టిగా రుద్దింది కూడా.

ఇశ్రాయేలు ఇదేం పిచ్చి అన్నట్టు చూశాడు. నాగేశం ముఖం తిప్పుకున్నాడు. కాంతమ్మ ఏమీ పట్టనట్టు కింద దొర్లిన మూట సర్దుతోంది.

"అక్కా, దిగు," అన్నాడు వివేక్. "గల్ల మీద చెప్పులతోని కూసుంటరా ఎవరన్న?"

అంటూనే అతని కుడిచెయ్యి చొక్కాలోంచి ఎవరో లాగినట్టు ముందుకొచ్చి, బల్ల అంచును తాకి, రెండు కళ్లకూ అద్దుకుంది. అంతా ఒక్క క్షణంలో అయిపోయింది. తన చెయ్యి ఏం చేసిందో అతనికే ఆలస్యంగా తెలిసింది. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

గదిలో ముందుగా కదిలింది కాంతమ్మ. చేతిలోని మూట వదిలేసి నెమ్మదిగా లేచింది.

"గల్ల ఏడిది బిడ్డా? గల్లను సర్వర్ ఎత్తుకపోయిండంటివి గద. ఇది నకలంటివి గద. మరెందుకు మొక్కినవ్?"

అలవాటు అన్నాడు వివేక్. ఆకారం అదే కదా, చూసి పొరపాటుపడ్డానన్నాడు. నవ్వబోయాడు. పరవాలేదు, బాగానే చెప్పాడు, అనుకుంది భువన. కోర్టులో వకీలుకు ఆ ఒక్క మాట చాలు. ఇశ్రాయేలుకూ అది చాలేలాగే ఉంది. ఊపిరి పీల్చుకుని టోపీ సర్దుకుంటున్నాడు.

ఆమె బల్ల దిగింది. నాగేశం దగ్గరికి వెళ్లి, బేరంలో మాట తేడా వస్తే మీ దుకాణంలో ఏం చేస్తారు సేటూ, అని అడిగింది. ఆ సంగతి సిద్దిపేట బజారులో తెలియనివాడు లేడు. నాగేశం తండ్రి కాలం నుంచీ ఆ దుకాణంలో మాటకు మాట అడ్డం పడితే గల్ల మీద చెయ్యి పెట్టించేవారు. చెయ్యి పెట్టి అన్న మాటకు మళ్లీ సాక్ష్యం అడిగేవారు కాదు.

ముసలాయనకు అర్థమైంది. అర్థమైనందుకు ఆయన ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. అయినా తమ్ముడి కొడుకు వైపు తిరిగాడు.

"వివేకూ, ఇటు రా. ఇది నకలని చెయ్యి వెట్టి చెప్పు."

"నకలు మీద చెయ్యి వెట్టి ఒట్టేసుడేంది పెద్దబాపూ, మస్తు ఆగమాగం చేస్తున్నరు," అన్నాడు వివేక్.

"నకలే గదరా. ఉత్త చెక్క. చెయ్యి వెడితే నీకేమైతది?"

వివేక్ బల్ల దాకా వచ్చాడు. చెయ్యి జేబులోంచి తీశాడు. అది బల్లకు జానెడు ఎత్తున ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. ఆ చెక్క మీద చెయ్యి ఆనించి ఒక్క అబద్ధం ఆడితే చాలు, అతను గట్టెక్కేవాడు. ఇన్ని అబద్ధాలు ఆడినవాడికి ఇది పెద్ద పని కాదనే భువన కూడా భయపడింది. కానీ ఆ చెయ్యి కిందికి దిగలేదు.

"మీరు అమ్మనంటిరి," అన్నాడు చివరికి. "ఇది గల్ల అయినన్ని రోజులు అమ్మనియ్యరు. నకలంటే మీరే బయట పడేస్తరని మనీష చెప్పింది."

మిగతాది ముక్కలు ముక్కలుగా వచ్చింది. ప్రజ్ఞాపూర్‌లో పాత సామాను కొనేవాడు మనీష మనిషే. బల్ల అక్కడ ఆగదు, అదే టెంపోలో హైవే ఎక్కేస్తుంది. పేరును ఉప్పుకాగితంతో రుద్దింది తనే. నకలు అని చెప్పాలంటే అసలుదాన్ని ఎవరో ఎత్తుకుపోయి ఉండాలి కాబట్టి సర్వర్ పేరు చెప్పాడు. మరెవరి పేరైనా చెప్పేవాడే, ఆ వారం గదిలో ఉన్నది సర్వర్ కాబట్టి చెప్పాడు. అతని మీద తనకు కోపం లేదట. ఆ మాట విన్నప్పుడు భువనకు అతన్ని కొట్టాలనిపించింది.

ఇశ్రాయేలు నేరుగా భువన కళ్లలోకి చూడకుండా సర్వర్‌ను కోర్టుకు తీసుకెళ్లొద్దని స్టేషన్‌కు ఫోన్ చేశాడు. అతని నోటి నుంచి అంతకంటే ఎక్కువ ఆశించేంత అమాయకురాలు కాదు ఆమె.

ఫోన్ పెట్టేయగానే నాగేశం చేతులు జోడించాడు. ఫిర్యాదు వాపసు తీసుకుంటానన్నాడు. అబ్బాయి తప్పు చేశాడు, ఇంటి విషయం, ఇంట్లోనే దిద్దుకుంటాం, సర్వర్‌ను ఇప్పుడే వదిలేయండి, రేపటి నుంచి ఎప్పటిలాగే పనికి రమ్మనండి, అన్నాడు. ఇశ్రాయేలుకు ఆ దారి నచ్చింది. తప్పుడు మనిషిని లోపల వేశాడన్న మాట కూడా దాంతో మాసిపోతుంది. ఇద్దరూ ఒప్పేసుకున్నట్టే తలలూపుతున్నారు.

"వాపస్ తీసుకుంటే ఏమైతది సేటూ?" అంది అజీజున్నీసా.

కేసు ఉండదమ్మా అన్నాడు నాగేశం.

"కేసు ఉండదు. పేరు ఉంటది. పోలీసులు పట్టుకపోయిన్రు, సేటు దయతలచి వదిలిపెట్టిండు అంటరు. నా బిడ్డ హీబాను కాలేజీల గదే అడుగుతరు. మా ఆయన దొంగతనం చెయ్యలే. చెయ్యలేదని రాసి ఉండాలె. చేసినోడు ఎవడో కూడా రాసి ఉండాలె. నేను ఫిర్యాదు ఇస్తున్న సార్, తీసుకోండ్రి."

వివేక్ తల ఎత్తాడు. ఇంతసేపూ ముక్కలు ముక్కలుగా చెప్పినవాడు ఇప్పుడు తడబడకుండా మాట్లాడాడు.

"ఆపా, జర ఆలోచించుకో. మనీష ఎన్క ఉన్నోళ్లు ఎసొంటోళ్లో నాకెరుక. టెంపో ఒట్టిగ పోయిందంటే ఎవరి వల్ల పోయిందని అడుగుతరు. కాగితం మీద నీ పేరే ఉంటది. మీ ఇల్లు ఏడున్నదో వాళ్లకు చెప్పాల్సిన పనిగూడ లేదు, టెంపో పంపేటప్పుడే సర్వర్ గురించి అన్నీ అడిగిన్రు."

బయట వీధిలో బండి ఆగిన చప్పుడైంది. హారన్ రెండుసార్లు మోగింది. ఇశ్రాయేలు కిటికీ లోంచి తొంగి చూశాడు. టెంపోలో డ్రైవర్ కాక ఇంకో ముగ్గురున్నారని, దిగుతున్నారని మెల్లగా చెప్పి, నడుము దగ్గర చెయ్యి పెట్టుకుని గుమ్మం వైపు వెళ్లాడు. వెళ్తూ భువనను కూడా రమ్మన్నాడు, ఉద్యోగం వదిలేశాక మొదటిసారి. ఆమె తలుపు వెనకున్న, బట్ట కొలిచే ఇనుప గజంబద్ద అందుకుంది.

ఇలాంటప్పుడు ఎవరైనా ఆడమనిషిని లోపలికి వెళ్లి దాక్కోమంటారు. భువన వెనక్కి తిరిగి ఆ మాటే చెప్పబోయింది. అజీజున్నీసా అప్పటికే స్టూలు లాక్కుని ఆ బల్ల ముందు కూర్చుంది. చాయ్ గ్లాసు పక్కకు జరిపి, కాంతమ్మను ఒక తెల్లకాగితం అడిగి తీసుకుంది. పెన్ను కూడా కాంతమ్మే ఇచ్చింది.

"మీరు పోయిరాండ్రి," అంది తల ఎత్తకుండా. "మీరొచ్చేలోపల నేను రాసి పెడత."